వెర్నియర్, స్క్రూగేజి, మోటర్ వైరు: అనంతపురం నుంచి నా కొలతల డైరీ

ఈ సెమిస్టర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో ముందు వచ్చేది అంతా పొడవుల కొలతే. వెర్నియర్ కాలిపర్స్ (దవడల మధ్య పట్టి కొలిచేది), స్క్రూగేజి (మర తిప్పి సన్నటివి కొలిచేది), స్పెరోమీటర్ (తలాల వంపు కొలిచేది), ఆఖర్లో ట్రావెలింగ్ మైక్రోస్కోప్ (స్కేలు వెంట జరిగే మైక్రోస్కోప్). ఇంటర్‌లో వీటిని చేత్తో పట్టుకున్నవాళ్ళే కానీ, పరీక్షకి కావాల్సినంత వరకే నేర్చుకుని వదిలేసినవాళ్ళు మా బ్యాచ్‌లో చాలామంది ఉన్నారు. అందుకే ఈసారి రికార్డుకి కావాల్సినంతతో ఆపకుండా, ప్రతి పరికరాన్నీ ల్యాబ్ బయట ఒక నిజమైన వస్తువు మీద కూడా వాడి చూడాలని పెట్టుకున్నాను. మా చిన్నాయనకి ఊళ్ళో బోరు మోటర్ల రివైండింగ్ షాపు ఉంది, అంటే కాలిపోయిన మోటర్లకి కొత్త వైరు చుట్టే పని. ఆయన టేబుల్ మీద మైక్రోమీటర్ (స్క్రూగేజి లాంటిదే), డిజిటల్ వెర్నియర్ ఎప్పుడూ ఉంటాయి. ఈ జిల్లాలో బోరు మోటరు కాలిపోవడం అంటే పంట మీదికి వచ్చే విషయం కాబట్టి ఆ షాపులో కొలతని ఎవరూ తేలిగ్గా తీసుకోరు. అదే నాకు రెండో ల్యాబ్ అనుకుంటున్నాను.

ఏ రోజు ఏం చేశానో ఇక్కడ రాసుకుంటూ పోతాను. ఈ ల్యాబ్ చేయబోయే ఎవరికైనా పనికొస్తుంది.

మొదటి ల్యాబ్: వెర్నియర్

చిన్న ఇత్తడి సిలిండర్ ఇచ్చారు. పొడవు, వ్యాసం కొలిచి ఘనపరిమాణం కట్టాలి. మా ల్యాబ్ వెర్నియర్‌లో ప్రధాన స్కేలు మీద 9 మిల్లీమీటర్ల పొడవు, వెర్నియర్ స్కేలు మీద 10 భాగాలు. అంటే వెర్నియర్ భాగం ఒక్కొక్కటి 0.9 మి.మీ., ప్రధాన స్కేలు భాగం 1 మి.మీ., తేడా 0.1 మి.మీ. ఆ తేడానే లీస్ట్ కౌంట్, అంటే పరికరం చదవగల అతి చిన్న కొలత, తెలుగు పుస్తకాల్లో కనీసపు కొలత అని ఉంటుంది. సూత్రం అందరికీ నోటికి వచ్చు. కానీ గీతలు కలిసినచోట ఉన్న అంకెని 0.1తో ఎందుకు గుణిస్తున్నాం అంటే మా బెంచీలో ఎవరూ గబుక్కున చెప్పలేకపోయారు.

దానికోసం ఇంటికెళ్ళి శుభలేఖ అట్టతో పెద్ద వెర్నియర్ చేశాను. ఒక అట్ట పట్టీ మీద సెంటీమీటరుకి ఒక గీత. ఇంకో పట్టీ మీద 9 సెంటీమీటర్ల పొడవుని 10 సమాన భాగాలు చేసి గీతలు, అంటే 9 మి.మీ.కి ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి సున్నాలు కలిపి, కింది పట్టీని కొద్దికొద్దిగా కుడికి జరపడమే. 1 మి.మీ. జరిపితే ఒకటో గీత పైన ఉన్న గీతతో కలుస్తుంది, 2 మి.మీ. జరిపితే రెండో గీత కలుస్తుంది. ఎందుకంటే సున్నాలు కలిసి ఉన్నప్పుడు ఒకటో గీత తన పై గీత కన్నా 1 మి.మీ. వెనకబడి ఉంది, రెండో గీత 2 మి.మీ. వెనకబడి ఉంది, మూడోది 3. పట్టీ ఎంత జరిగిందో అంత వెనకబడిన గీత అప్పటికి తన జతని అందుకుంటుంది. అంతే. చేత్తో జరిపి చూస్తే ఇది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది, బోర్డు మీద బొమ్మతో అర్థం కావడానికి పీరియడ్ పడుతుంది. ల్యాబ్ మొదలయ్యే ముందు ప్రతి విద్యార్థి చేతా ఈ అట్ట పట్టీ చేయించాలి అని గట్టిగా అనుకుంటున్నాను.

ఈ ఆలోచన పియర్ వెర్నియర్ అనే ఫ్రెంచి ఆయనది, 1631లో అచ్చులో పెట్టాడు. రెండు గీతలు కలిశాయా లేదా అన్నది మన కన్ను చాలా బాగా పట్టుకుంటుంది, ఒక మిల్లీమీటరులో మూడో వంతా నాలుగో వంతా అని అంచనా కట్టమంటే మాత్రం తడబడుతుంది. కంటికి బాగా చేతనైన పనినే దానికి అప్పజెప్పాడు. మూడు వందల తొంభై ఏళ్ళు దాటినా అదే స్కేలు వాడుతున్నాం, నాకు అది నిజంగా గొప్ప విషయం అనిపిస్తుంది.

సిలిండర్ రీడింగులు మామూలుగానే వచ్చాయి. రాసుకోవాల్సింది ఒకటుంది. వస్తువుని దవడల కొసన పట్టుకోకూడదు, లోపలికి, స్కేలుకి వీలైనంత దగ్గరగా పట్టాలి. కారణం మేడమ్ చెప్పారు. వెర్నియర్ స్కేలు ఒక గీత మీద ఉంది, మనం కొలిచే వస్తువు దానికి పక్కన ఇంకో గీత మీద ఉంది. జరిగే దవడ కాస్త వాలినా ఆ వాలు కొసకి వెళ్ళేసరికి పెద్ద తేడా అవుతుంది. కొలిచే వస్తువు, స్కేలు ఒకే సరళరేఖ మీద ఉండాలన్నది ఎర్న్‌స్ట్ ఆబే 1890లో చెప్పిన సూత్రం. వెర్నియర్ కాలిపర్స్ ఆ సూత్రాన్ని పాటించదు, స్క్రూగేజి పాటిస్తుంది. స్క్రూగేజిని వెర్నియర్ కన్నా ఎక్కువ నమ్మడానికి కనీసపు కొలత చిన్నది కావడం ఒక్కటే కారణం అని ఇంతకాలం అనుకునేవాళ్ళకి ఇది చెప్పాలి.

చిన్నాయన షాపులో: బేరింగుతో పరీక్ష

మన వెర్నియర్ సరిగ్గా చెప్తోందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? ల్యాబ్‌లో మూసి చూసి సున్నా వచ్చిందా అని చూస్తాం. అది మంచిదే కానీ మొదట్లో సరిగ్గా ఉండి మధ్యలో తప్పు చెప్పే పరికరాన్ని అది పట్టుకోదు. దీనికి చిన్నాయన దగ్గర సిద్ధంగా సమాధానం ఉంది.

"కొత్త బేరింగు తీస్కో పాపా, దానికన్నా నమ్మకమైన కొలత ఈ షాపులో ఇంకోటి లేదు" అన్నాడు.

6203 బేరింగు. ఈ నెంబరు ఏ కంపెనీ వేసినా కొలతలు ఒకటే: లోపలి రంధ్రం 17 మి.మీ., బయటి వ్యాసం 40 మి.మీ., వెడల్పు 12 మి.మీ. మామూలు రకం బేరింగుకి కూడా బయటి వ్యాసంలో అనుమతించే తేడా మహా అయితే 0.011 మి.మీ., అదీ తక్కువ వైపే. రంధ్రంలో 0.008 మి.మీ. అంటే 0.1 మి.మీ. చదివే వెర్నియర్‌కి ఇది దాదాపు దోషం లేని కొలత. కానీ వెడల్పు దగ్గర జాగ్రత్త, అక్కడ 0.12 మి.మీ. దాకా తక్కువ ఉండొచ్చు. అందుకని పరీక్షకి బయటి వ్యాసం, రంధ్రం వాడాలి, వెడల్పు వాడకూడదు.

ల్యాబ్‌లోది తేవడానికి వీల్లేదు కాబట్టి షాపులోని డిజిటల్ వెర్నియర్‌తో చూశాను. బయటి వ్యాసం 39.99, మళ్ళీ పెడితే 40.01, మళ్ళీ 39.99. తెర మీద 0.01 దాకా అంకె కనిపిస్తుంది గానీ ఇలాంటి వాటి ఖచ్చితత్వం మామూలుగా 0.02 మి.మీ. అటూ ఇటూ. చివరి అంకె కనపడుతోంది కదా అని దాన్ని రికార్డులోకి ఎక్కించి దాని మీద లెక్కలు కట్టడం సరికాదు. రంధ్రం 16.97 వచ్చింది, కాస్త తక్కువ. లోపలి దవడల అంచులు చదునుగా ఉంటాయి, గుండ్రటి రంధ్రంలో అవి సరిగ్గా వ్యాసం మీద ఆనవు, అందుకే లోపలి కొలత కొంచెం తగ్గే చూపిస్తుంది. రంధ్రం చిన్నదయ్యేకొద్దీ ఈ తేడా పెరుగుతుంది.

ఒక అన్న పక్కన స్టేటర్ (మోటరులో తిరగని భాగం) స్లాట్లలో నుంచి కాలిపోయిన కాయిల్ పీకుతున్నాడు. ఆ వాసన, ఆ మసి, దాని పక్కన మేము 0.01 గురించి మాట్లాడుకోవడం. నాకు ల్యాబ్‌లో కన్నా ఇక్కడే ఎక్కువ ఉత్సాహంగా అనిపించింది, ఎందుకంటే ఇక్కడ అంకె తప్పితే మోటరు మళ్ళీ వెనక్కి వస్తుంది.

స్క్రూగేజి వారం

ల్యాబ్‌లో స్క్రూగేజి పిచ్ (తల ఒక చుట్టు తిరిగితే స్క్రూ కదిలే దూరం) 1 మి.మీ., తల స్కేలు మీద 100 భాగాలు, కాబట్టి కనీసపు కొలత 0.01 మి.మీ. షాపులోని మైక్రోమీటర్ పిచ్ 0.5 మి.మీ., 50 భాగాలు, కనీసపు కొలత అదే 0.01. రెండో రకంలో అర మిల్లీమీటరు గీతలు గమనించకపోతే జవాబు సరిగ్గా 0.50 తేడా వస్తుంది. వైరు ఒకటి 0.71 అని, అదే వైరు 0.21 అని రెండు జవాబులు వచ్చినప్పుడు వెతకాల్సింది ఆ గీత దగ్గరే.

జీరో ఎర్రర్ (మూసినప్పుడు సున్నా చూపించకపోవడం) గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే గుర్తు ప్లస్సా మైనస్సా అన్న టెన్షన్ క్లాసులో అందరికీ ఉంది. పుస్తకంలో "తల స్కేలు సున్నా సూచిక రేఖకి కింద ఉంటే ధన దోషం, పైన ఉంటే రుణ దోషం, సవరణ దానికి వ్యతిరేకం" అని బొమ్మలతో ఉంటుంది. పరీక్ష హాల్లో ఆ కింద పైన గుర్తుండవు. చిన్నాయన చెప్పే పద్ధతి నాకు చాలా నచ్చింది.

"ఏమీ పెట్టకుండా మూసి సూడు. లేనిదాన్ని ఎంతని సెప్తాందో అది రాస్కో. తర్వాత వచ్చే ప్రతి కొలతలో నుంచి అది తీసేయ్."

ఇంతే. మూసినప్పుడు 4 దగ్గర ఆగితే, ఏమీ లేకపోయినా 0.04 ఉందంటోంది, కాబట్టి 0.04 తీసేయాలి. మూసినప్పుడు 97 దగ్గర ఆగితే, సున్నాని దాటి ఇంకో 3 భాగాలు పోయి ఆగింది, అంటే మైనస్ 0.03 అంటోంది. మైనస్ 0.03 తీసేయడం అంటే 0.03 కలపడం. బొమ్మ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. వెర్నియర్‌కి కూడా ఇదే మాట పనికొస్తుంది. మూసినప్పుడు వెర్నియర్ సున్నా ఎడమకి పోయి 8వ గీత కలిస్తే 8లోంచి 10 పోతే మైనస్ 2 భాగాలు, మైనస్ 0.2 మి.మీ.

మా బెంచీకి వచ్చిన స్క్రూగేజి ప్లస్ 4 భాగాలది. మూసే ముందు రెండు ముఖాలనీ పలుచటి కాగితం పెట్టి లాగి తుడవాలి, దుమ్ము ఉంటే అదే రెండు మూడు భాగాలు చూపిస్తుంది. మా ఊరి గాలికి ఇది తప్పనిసరి పని.

తర్వాత రాచెట్. తల దగ్గర పట్టుకుని బిగిస్తే ఎంతైనా బిగుస్తుంది, మెత్తటి రాగి వైరు నొక్కుకుపోతుంది కూడా. చివరన ఉన్న రాచెట్ పట్టుకుని తిప్పితే ఒక బలం దాటాక టక టక అని జారిపోతుంది. అందరి చేతా ఒకే బలం పడేలా చేసేది అదే. మా బెంచీలో నలుగురం ఒకే వైరుని రాచెట్ లేకుండా కొలిస్తే నాలుగు జవాబులు, రాచెట్‌తో కొలిస్తే ఒక భాగం తేడాలోకి వచ్చేశాం. చిన్నాయన కుర్రాళ్ళని అనేది కూడా ఇదే: "ఎందుకు రా అంత గట్టిగా తిప్పుతాండావు, అది వైరు, బోల్టు కాదు."

ఆదివారం, వైరు గేజి

ఈ ప్రాజెక్టులో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది.

రివైండింగ్‌కి వచ్చిన మోటరులో పాత వైరు ఏ గేజిదో కొలిచి, అదే గేజి కొత్త వైరు చుట్టాలి. గేజి అంటే ఎస్.డబ్ల్యూ.జి. (స్టాండర్డ్ వైర్ గేజ్), వైరు మందానికి ఇచ్చిన నెంబరు. నెంబరు పెరిగేకొద్దీ వైరు సన్నం. 20 గేజి 0.914 మి.మీ., 21 గేజి 0.813, 22 గేజి 0.711, 23 గేజి 0.610, 24 గేజి 0.559, 25 గేజి 0.508, 26 గేజి 0.457. ఈ వరసని ఒకసారి చూడండి. 22కి 23కి మధ్య తేడా 0.1 మి.మీ., అంటే మా ల్యాబ్ వెర్నియర్ కనీసపు కొలత ఎంతో అంత. 25కి 26కి తేడా అందులో సగం. కాబట్టి ఆ వెర్నియర్‌తో పక్కపక్క గేజిలని వేరు చేయడం కుదరదు, స్క్రూగేజి కావాల్సిందే. ఎందుకు స్క్రూగేజి అన్న వైవా (నోటి పరీక్ష) ప్రశ్నకి ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలీదు.

మరి ఒక్క నెంబరు తేడా వస్తే ఏమవుతుంది? కరెంటు పోయేది వైరు అడ్డుకోత వైశాల్యంలో నుంచి, అది వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. 22 బదులు 23 చుట్టితే వైశాల్యం సుమారు 26 శాతం తగ్గుతుంది, నిరోధం సుమారు 36 శాతం పెరుగుతుంది. అదే కరెంటు పోతే కాయిల్‌లో పుట్టే వేడి కూడా 36 శాతం ఎక్కువ. బోరులో దించాక ఎవరికీ కనపడదు, ఒకరోజు కాలిపోతుంది. పోనీ నయం కదా అని లావు వైరు వేద్దామా అంటే స్లాటులో అన్ని చుట్లు పట్టవు. ఒక మిల్లీమీటరులో పదో వంతు, దాని మీద ఒక మడి నీళ్ళు ఆధారపడి ఉన్నాయి.

చిన్నాయన పాత వైరు ముక్క ఇచ్చాడు, నెంబరు చెప్పలేదు. ఎనామిల్ (కరెంటు పక్క చుట్టుకి పోకుండా వేసే పూత) ఉండగా కొలిస్తే, సవరణ పోను, 0.76. ఇది 21కి 22కి సరిగ్గా మధ్యలో పడింది, ఏదీ తేలలేదు. ఎనామిల్ పూత రెండు వైపులా కలిపి కొన్ని వందో వంతులు ఉంటుంది, అది తీసేస్తేనే రాగి వ్యాసం దొరుకుతుంది. లైటర్‌తో కొసని కాస్త కాల్చి, చల్లారాక సన్నటి ఉప్పు కాగితంతో మెల్లగా తుడిచాడు. గట్టిగా రుద్దితే రాగి కూడా పోతుందట. అప్పుడు 0.71. అదే ముక్కని 90 డిగ్రీలు తిప్పి కొలిస్తే 0.70. ఇంకోచోట 0.71, తిప్పితే 0.71. 22 గేజి, సందేహం లేదు.

ఒకేచోట రెండు లంబ దిశల్లో వ్యాసం కొలవాలని రికార్డులో రాయిస్తారు. ఎందుకో కాలిపోయిన కాయిల్లోంచి తీసిన ముక్కని కొలిస్తే తెలిసింది: ఒకవైపు 0.72, దాన్నే తిప్పితే 0.69. స్లాటులోకి దించి తట్టినప్పుడు, పీకినప్పుడు వైరు కోడిగుడ్డు ఆకారంలోకి వస్తుంది. దానికి ఒకే వ్యాసం అనేది లేదు. రెండు దిశల సగటు తీసుకుంటేనే దగ్గరగా వస్తాం, అసలు తక్కువ దెబ్బ తిన్న ముక్కని వెతికి కొలవడం ఇంకా మంచిది.

కావాల్సిన గేజి దొరక్కపోతే రెండు పోగులు కలిపి చుట్టడం షాపుల్లో మామూలే. 22 గేజి బదులు 25 గేజి రెండు పోగులు. లెక్క కట్టి చూశాను. 0.711 వర్గం 0.506, 0.508 వర్గానికి రెండింతలు 0.516. రెండు శాతం తేడా. వర్గాలు కట్టకుండానే, వాళ్ళ గురువుల దగ్గర నేర్చుకున్న అలవాటుతో ఇంత దగ్గరగా వేస్తున్నారు. ఆ కాగితం చిన్నాయనకి చూపిస్తే "సరిపోయిందా లేదా" అని మాత్రం అడిగాడు. సరిపోయింది చిన్నాయనా, అన్నాను.

బోరులో మునిగి ఉండే మోటర్లలో, లోపల నీళ్ళు నింపే రకానికి ఎనామిల్ వైరు కాకుండా పైన ప్లాస్టిక్ పొర చుట్టిన పాలీ వైరు వాడతారు. దాని పొర చాలా మందం, తీసేసి లోపలి రాగినే కొలవాలి. అక్కడ కాల్చడం లేదు, బ్లేడుతో చీల్చడమే.

స్కేలుతోనే 0.76

స్క్రూగేజి దొరకని వాళ్ళ కోసం ఈ చిన్న పని. అదే 22 గేజి ఎనామిల్ వైరుని పెన్సిల్ చుట్టూ సందు లేకుండా 20 చుట్లు చుట్టి, చుట్ల వెడల్పుని మామూలు స్కేలుతో కొలిస్తే 15 మి.మీ. దాటి కొద్దిగా వచ్చింది, 15.0కి 15.5కి మధ్య. 20తో భాగిస్తే 0.75కి 0.775కి మధ్య. స్కేలు మీద అర మిల్లీమీటరు అనుమానం 20 చుట్లకి పంచుకుపోయి ఒక్క చుట్టుకి 0.025 అవుతుంది. అంటే ఈ వైరు విషయంలో పది రూపాయల స్కేలు మా వెర్నియర్ కన్నా మెరుగైన జవాబు ఇచ్చింది. చుట్ల మధ్య సందు ఉంటే మాత్రం జవాబు పెరుగుతుంది, గోటితో నెట్టుకుంటూ చుట్టాలి.

తాడిపత్రి బండ

మా ఇంట్లో, మా వీధిలో సగం ఇళ్ళల్లో నేల నాపరాయే. తాడిపత్రి నుంచి వచ్చే నల్ల బండలు. ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన ముక్క ఒకటి పెరట్లో ఉంటే దాని మందం కొలుద్దామని తీశాను. పైన పాలిష్, కింద రాయి ఎలా చీలిందో అలా. వెర్నియర్‌తో వేర్వేరు చోట్ల: 18.4, 19.1, 18.7, 19.6, 18.2 మి.మీ. సగటు 18.8.

ఇప్పుడు దీన్ని స్క్రూగేజితో కొలిస్తే ఇంకా ఖచ్చితంగా వస్తుందా? రాదు. ఒక్కొక్క చోట 18.43, 19.08 అని రెండో దశాంశం వస్తుంది, కానీ బండకే ఒక చోటికీ ఇంకో చోటికీ మిల్లీమీటరు పైన తేడా ఉంది. ఈ బండ మందం 18.8, అటూ ఇటూ అర మిల్లీమీటరు పైనే అని చెప్పడమే నిజాయితీ. వెర్నియర్ కూడా ఎక్కువే, స్కేలు చాలు. రీడింగులు ఒకదానికొకటి దూరంగా ఉంటే పరికరాన్ని మార్చడం కాదు, ఎక్కువ చోట్ల కొలవడం కావాలి. వైరుకి 0.01 కావాలి, బండకి 1 మి.మీ. చాలు. ఏ పరికరం తీసుకోవాలో వస్తువు చెప్తుంది. దీన్ని ల్యాబ్ రికార్డులో ఎక్కడా రాయించరు, సిలిండర్లూ గోళాలూ అన్నీ నున్నగా చేసి ఇస్తారు కాబట్టి. ఒక నాపరాయి ముక్కని కూడా ల్యాబ్ బల్ల మీద పెడితే బాగుంటుందని మేడమ్‌తో అన్నాను, తెమ్మన్నారు.

ఎండ సంగతి

క్లాసులో ఒకడు అడిగాడు, మన ఊళ్ళో ఇంత వేడికి స్క్రూగేజి సాగిపోదా అని. మంచి ప్రశ్న. పరిశ్రమల్లో పొడవుల కొలతకి ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్. మా ల్యాబ్ గది వేసవిలో 38 ఉందనుకుందాం, తేడా 18. ఉక్కు ఒక డిగ్రీకి తన పొడవులో పది లక్షల్లో సుమారు 11.5 వంతులు పెరుగుతుంది. 25 మి.మీ. ఉక్కు ముక్కకి లెక్క కడితే సుమారు 0.005 మి.మీ., కనీసపు కొలతలో సగం. పైగా కొలిచే వస్తువు కూడా ఉక్కే అయితే రెండూ కలిసే సాగుతాయి, తేడా చాలావరకు కొట్టుకుపోతుంది. కాబట్టి మన ల్యాబ్ వరకు భయం లేదు. కానీ ఎండలో పెట్టిన బేరింగుని తెచ్చి వెంటనే కొలవకూడదు, పరికరం పక్కన కాసేపు ఉంచి రెండూ ఒకే వేడికి వచ్చాక కొలవాలి.

స్పెరోమీటర్

మూడు కాళ్ళు, మధ్యలో స్క్రూ. గాజు పలక మీద ఒక రీడింగు, కుంభాకార (ఉబ్బెత్తు) తలం మీద ఒక రీడింగు, తేడా h. కాళ్ళ మధ్య దూరం l. వక్రతా వ్యాసార్థం R (ఆ తలం ఏ గోళంలో ముక్కో దాని వ్యాసార్థం) అంటే l వర్గాన్ని 6hతో భాగించి h/2 కలపడం. స్క్రూ కొన గాజుని తాకిందో లేదో చూడటానికి కొన, దాని ప్రతిబింబం కలిసే దాకా తిప్పాలి. ఎప్పుడూ ఒకే వైపు నుంచి రావాలి. దాటిపోతే కొంచెం వెనక్కి తిప్పి సరిచేయడం కాదు, బాగా వెనక్కి పోయి మళ్ళీ అదే వైపు నుంచి రావాలి, లేకపోతే మరలో ఉండే వదులు వల్ల తల స్కేలు తిరుగుతుంది గానీ కొన కదలదు. దీన్నే బ్యాక్‌లాష్ అంటారు.

నాకు వచ్చిన h 0.102 సెం.మీ. l కోసం కాళ్ళని అబ్జర్వేషన్ బుక్ మీద నొక్కి, మూడు చుక్కల మధ్య దూరాన్ని స్కేలుతో కొలవమంటారు. 3.5 సెం.మీ. వచ్చింది. R సుమారు 20.07 సెం.మీ.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. అందరం ప్రాణం పెట్టి hని 0.001 సెం.మీ. దాకా చదివాం, అందులో అనుమానం 1 శాతం. lని స్కేలుతో 0.05 అటూ ఇటూ చదివాం, అది 1.4 శాతం, కానీ సూత్రంలో l వర్గం ఉంది కాబట్టి Rలోకి దాదాపు 2.9 శాతం వస్తుంది. శ్రద్ధ అంతా స్క్రూ మీద, దోషం ఎక్కువ వచ్చేది స్కేలు దగ్గర! అందుకని ఆ చుక్కల కాగితాన్ని ట్రావెలింగ్ మైక్రోస్కోప్ కింద పెట్టడానికి మేడమ్‌ని అనుమతి అడిగాను. దాని ప్రధాన స్కేలు అర మిల్లీమీటరు భాగాలు, వెర్నియర్ 50 భాగాలు, కనీసపు కొలత 0.01 మి.మీ. ఇక్కడ కూడా అడ్డు తీగని (మైక్రోస్కోప్ లోపల కనిపించే గురి గీతని) ప్రతి చుక్క మీదికి ఒకే వైపు నుంచి తేవాలి. కంటి దగ్గరి కటకంలో చూస్తే చుక్క ఇంత పెద్ద గుంటలా కనిపిస్తుంది, దాని మధ్య ఎక్కడో నిర్ణయించుకోవడమే కష్టం. కాళ్ళని మెల్లగా నొక్కిన కాగితం దానికి మంచిది. మూడు భుజాలు 3.512, 3.498, 3.521, సగటు 3.510 సెం.మీ. R ఇప్పుడు 20.18. జవాబు మారింది కొంచెమే, కానీ l వైపు అనుమానం దాదాపు పోయింది, మిగిలిందల్లా h లోదే. ఇప్పుడు h రీడింగులు ఎక్కువసార్లు తీసుకుంటే ఫలితం ఉంటుంది. ముందు తీసుకుని ఉంటే ఉండేది కాదు.

ప్రస్తుతానికి ఇక్కడ ఉన్నాను

వెర్నియర్, స్క్రూగేజి, స్పెరోమీటర్ రికార్డులో సంతకాలు అయ్యాయి. షాపులో గేజి నెంబర్లు, వాటి వ్యాసాలు, ఒక్కొక్క దానికి బదులు ఏ గేజి రెండు పోగులు వేయొచ్చో తెలుగులో ఒక చార్టు రాస్తున్నాను, 18 నుంచి 26 దాకా. 22కి కుదిరినంత బాగా అన్నిటికీ కుదరదు. 18 గేజికి 21 రెండు పోగులు వేస్తే సుమారు 11 శాతం తక్కువ, 20 రెండు పోగులు వేస్తే 12 శాతం పైన ఎక్కువ, రెండూ అంత మంచివి కావు. అలాంటి చోట్ల ఎర్ర పెన్నుతో గుర్తు పెడుతున్నాను. వాడొచ్చా లేదా అన్నది చిన్నాయన చెప్పాలి, స్లాటులో చోటు సంగతి ఆయనకే తెలుసు.

తర్వాత ల్యాబ్‌లో కేశనాళిక (చాలా సన్నటి రంధ్రం ఉన్న గాజు గొట్టం) వ్యాసార్థం, ట్రావెలింగ్ మైక్రోస్కోప్‌తోనే. ద్రవం స్నిగ్ధత (పారకుండా అడ్డుకునే గుణం) కట్టే సూత్రంలో ఆ వ్యాసార్థం నాలుగో ఘాతంలో వస్తుంది, అంటే అక్కడ 1 శాతం తప్పు జవాబులో 4 శాతం. నాళిక రంధ్రం కూడా గుండ్రంగా ఉండకపోవచ్చు కాబట్టి వైరుకి చేసినట్టే నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, నాళిక రెండు కొసలా చూడాలని అబ్జర్వేషన్ బుక్‌లో ముందే గడులు గీసి పెట్టుకున్నాను.